కన్సల్టెంటును పెట్టుకునే ముందే కాలువ ఎక్కడ కలుస్తుందో రాయించండి

మీ ప్రశ్న చదివాను తమ్ముడూ. బజారు రోడ్డు వెడల్పు చేసి, సైడు కాలువలు కట్టి, కాంక్రీటు వేయాలని మీ మున్సిపాలిటీ అనుకుంటోంది. అందుకు ముందుగా ఒక డిజైన్ కన్సల్టెంటును పెట్టుకోవాలని కౌన్సిల్ తీర్మానం చేసింది. "జేఈ, ఏఈ ఉన్నారు కదా, బయటివాళ్ళకు లక్షలు పోయడం దేనికి?" అని మీ వీధి వర్తకులు అడుగుతున్నారు. దీన్ని ఆపమని అర్జీ పెట్టాలా, లేకపోతే ఇంకేం అడగాలి అన్నది మీ సందేహం. మీ ఊరు ఏదో రాయలేదు గానీ, ఒడిశాలో మన సరిహద్దు పక్కనే అన్నారు. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, ఏదైనా సరే, నేను చెప్పేది సరిపోతుంది. ఈ నాలుగు ఊళ్ళ చుట్టూనే ముప్పై ఏళ్ళకు పైగా రోడ్ల పని చేశాను. మొదట సర్కారు కొలువులో ఎస్టిమేట్లు రాశాను, తరవాత కన్సల్టెన్సీలో డిజైన్లు చేశాను.

ఆపమని అడగకండి. చిన్న మున్సిపాలిటీలో జేఈ నెత్తిన ఎన్ని పనులు ఉంటాయో మీరు చూస్తూనే ఉంటారు. వీధి దీపాలు, ఇళ్ళ ప్లాన్లు, పగిలిన కల్వర్టులు, వార్డు కాలువలు, పైనుంచి రోజూ అడిగే రిపోర్టులు. ఆయన దగ్గర సర్వే చేసే టోటల్ స్టేషన్ యంత్రం ఉండదు, మట్టి పరీక్ష చేసే ల్యాబు ఉండదు, డ్రాయింగులు గీసే మనిషి ఉండడు. అలాంటి చోట ఆయన్నే డిజైన్ చేయమంటే పాత ఎస్టిమేటు తీసి కొలతలు మార్చి కొత్త తేదీ వేస్తాడు. తప్పు ఆయనది కాదు, వ్యవధి లేదు. అందుకని బయటివాళ్ళు రావడం మంచిదే. మీరు పట్టుదలగా అడగాల్సింది వేరే ఉంది. కన్సల్టెంటు ఏం చేయాలో మున్సిపాలిటీ ముందుగా ఒక కాగితం రాస్తుంది. టీఓఆర్ అంటారు. ఆ కాగితంలో లేని పని ఏ కన్సల్టెంటూ చేయడు, చేయమని తరవాత అడిగే హక్కు కూడా మనకు ఉండదు. మీ వర్తకుల బలమంతా ఆ కాగితం మీద పెట్టండి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో ఒక అనుభవం రాస్తాను. పదిహేనేళ్ళ కిందటి మాట, సరిహద్దుకు ఇటు పక్కనే ఉన్న ఒక ఊరు. ఏడు వందల మీటర్ల బజారు వీధి. టీఓఆర్‌లో "ఏడు వందల మీటర్ల రోడ్డుకు సర్వే, డిజైన్, ఎస్టిమేటు" అని ఒక్క వాక్యం ఉంది. మా కన్సల్టెన్సీ వాళ్ళు సరిగ్గా ఏడు వందల మీటర్లే కొలిచారు. రెండు వైపులా కాలువలు గీశారు, చివర "ఉన్న నాలాలో కలుస్తుంది" అని బాణం గుర్తు పెట్టారు. ఆ డ్రాయింగు మీద పరిశీలించినట్టు సంతకం నాది. నేను ఆ నాలా దాకా నడిచి చూడలేదు. అది వీధి చివరి నుంచి ఇంకో మూడు వందల మీటర్ల అవతల గెడ్డలో, అంటే వాగులో, కలవాలి. నడి దారిలో ఎప్పుడో పూడిపోయింది, దాని మీద పశువుల పాకలు వేశారు. పైగా పాత తారు రోడ్డు తవ్వకుండా దాని మీదే కంకర పొర, దాని మీద కాంక్రీటు పోశారు. రోడ్డు అడుగుకు పైనే లేచింది. ఆషాఢంలో మొదటి పెద్ద వాన పడిన రాత్రి నీళ్ళు కాలువలో ముందుకు పోలేక వెనక్కి తిరిగి, రోడ్డు కంటే పల్లంలో పడిపోయిన కొట్లలోకి వచ్చేశాయి. ఒక దర్జీ కొట్లో పెళ్ళివారి బట్టలు కింది అరలో ఉన్నాయి, మొత్తం తడిసి రంగు దిగిపోయాయి. ఆ మనిషి నన్ను తిట్టలేదు. "బాబూ, పాత రోడ్డే నయం" అని మాత్రం అన్నాడు. అప్పుడు కన్సల్టెంటును అడిగితే కాగితం చూపించి నాలా మా పనిలో లేదంటాడు, కాంట్రాక్టరును అడిగితే డ్రాయింగు ప్రకారం కట్టానంటాడు. ఆరు నెలల వయసున్న కాంక్రీటును పగలగొట్టి అడ్డంగా తూములు వేయాల్సి వచ్చింది.

కాబట్టి టీఓఆర్‌లో మొదటి మాట ఇలా ఉండాలి: నీళ్ళు చివరికి కలిసే గెడ్డ, చెరువు లేదా నది దాకా, అది రోడ్డు హద్దుకు ఎంత దూరమైనా సరే, కన్సల్టెంటు లెవెల్స్ (నేల ఎత్తుపల్లాల కొలతలు) తీయాలి, దారి పొడుగునా కాలువ పరిస్థితి రాయాలి. గుణుపురంలో వంశధార, రాయగడలో నాగావళి, పర్లాకిమిడిలో మహేంద్రతనయ. ఆ నదులు పొంగినప్పుడు ఊరి కాలువ నోరు మునిగిపోతుంది, నీళ్ళు బయటికి పోవు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి, రాయగడ జిల్లాల్లో పడిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు మీ వీధిలో నీళ్ళు ఎంత ఎత్తున నిలిచాయో గోడల మీద మరకలు చెబుతాయి. సర్వేకు వచ్చినవాళ్ళకు ఆ మరకలు చూపించండి, ఫలానా గోడ మీద ఇంత ఎత్తు అని రిపోర్టులో రాయించండి.

కాలువ సైజు విషయం కాస్త లెక్కతో చెబుతాను, మీరే వేసి చూసుకోవచ్చు. మీ వీధికీ పక్క సందులకీ కలిపి పది హెక్టార్ల నేల మీది నీళ్ళు ఒక కాలువలోకి వస్తాయనుకోండి. గంటకు 50 మిల్లీమీటర్ల వాన. మన వైపు ఇది వింతేమీ కాదు. అంతా డాబాలు, సిమెంటు అయిపోయిన బజారులో నూటికి ఎనభై వంతుల నీరు ఇంకకుండా కాలువలోకే వస్తుంది. లెక్క కడితే సెకనుకు సుమారు 1,100 లీటర్లు. ఇప్పుడు మామూలుగా కట్టే అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు కాలువ తీసుకోండి. అది నిండుగా, సెకనుకు మీటరు వేగంతో పారినా మోసేది 200 లీటర్లే. రెండు వైపులా కట్టినా 400. మిగతాది రోడ్డు మీదే పారాలి. ఇందులో చెత్త, ప్లాస్టిక్ సంచులు, పూడిక ఇంకా కలపలేదు. "ఈ కాలువ సైజు ఏ వాన లెక్కన వచ్చింది, ఎన్ని హెక్టార్ల నీళ్ళు దీంట్లోకి వస్తాయి?" అని అడిగితే జవాబు డీపీఆర్‌లో, అంటే కన్సల్టెంటు ఇచ్చే పూర్తి ప్రాజెక్టు రిపోర్టులో, అంకెలతో ఉండాలి. పట్టణాల డ్రైనేజీకి ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) వాళ్ళ ఎస్‌పీ:50 అనే మార్గదర్శకం ఉంది. లెక్క దాని ప్రకారమే వేయాలని టీఓఆర్‌లో రాయిస్తే చాలు, మీరు ఆ పుస్తకం చదవక్కర్లేదు.

రోడ్డు ఎత్తు రెండోది. "పూర్తయిన రోడ్డు మట్టం పక్క ఇళ్ళ, కొట్ల గుమ్మాల కంటే పైకి లేవకూడదు. అవసరమైన చోట పాత రోడ్డు తవ్వి లేదా గీకి తీసేయాలి" అన్న మాట రాయించండి. అలాగే ప్రతి గుమ్మం మట్టం సర్వేలో కొలిచి డ్రాయింగులో చూపాలి. ఈ ఒక్క షరతు వల్ల సర్వే ఖర్చు కొంచెం పెరుగుతుంది, పెరగనివ్వండి. గుమ్మాల మట్టాలు ఉన్న డ్రాయింగు చూస్తే చదువు లేని మనిషికి కూడా తన కొట్టు పల్లంలో పడుతుందో లేదో తెలిసిపోతుంది.

మీరు అడగని ఒక సంగతి: ఆ రోడ్డు ఎవరిది? మన ఊళ్ళల్లో పెద్ద బజారు రోడ్డు చాలాచోట్ల మున్సిపాలిటీది కాదు. రాయగడ మీదుగా కోరాపుట్, మల్కన్‌గిరి వైపు వెళ్ళే రోడ్డు జాతీయ రహదారి 326. నరసన్నపేట నుంచి పర్లాకిమిడి మీదుగా మోహనా వైపు వెళ్ళేది 326ఏ. కొన్ని రోడ్లు ఆర్ అండ్ బీవి. ఎవరిదో తేల్చి, వాళ్ళ అనుమతి కాగితం తీసుకోకుండా కన్సల్టెంటును పెట్టుకుంటే డీపీఆర్ బీరువాలో పడుకుంటుంది. కౌన్సిలర్‌ను ముందు ఈ ప్రశ్నే అడగమనండి.

ఇక ఎంపిక. టెండరు కాగితాన్ని ఆర్‌ఎఫ్‌పీ అంటారు, ఎలా ఎంచుకుంటారో అందులోనే ఉంటుంది. అర్హత ఉన్నవాళ్ళలో తక్కువ ఫీజు అడిగినవాళ్ళకు ఇచ్చేయడం ఒక పద్ధతి. పనితనానికి, ఫీజుకు విడివిడిగా మార్కులు వేసి కలపడం రెండోది, దీన్ని క్యూసీబీఎస్ అంటారు. రెండో పద్ధతి అనగానే మంచివాళ్ళే వస్తారని నమ్మేయకండి, అంకెలు ఎలా తిరుగుతాయో చూడండి. ఒక సంస్థకు పనితనంలో 85 మార్కులు, ఫీజు 18 లక్షలు అనుకుందాం. రెండో సంస్థకు అత్తెసరుగా 72 మార్కులు, ఫీజు 9 లక్షలు. అందరికంటే తక్కువ ఫీజువాళ్ళకు ఫీజు మార్కులు పూర్తిగా వస్తాయి, దానికి రెట్టింపు అడిగినవాళ్ళకు సగమే. పనితనానికి 70, ఫీజుకు 30 వంతులైతే, మొదటివాళ్ళకు 59.5కు 15 కలిపి 74.5 వస్తుంది. రెండోవాళ్ళకు 50.4కు 30 కలిపి 80.4. అత్తెసరువాళ్ళే గెలిచారు. అదే 80, 20 అయితే మొదటివాళ్ళకు 78, రెండోవాళ్ళకు 77.6. ఇప్పుడు మొదటివాళ్ళు వెంట్రుకవాసిలో గెలిచారు. ఆ నిష్పత్తి, కనీసం తెచ్చుకోవాల్సిన మార్కులు, ఈ రెండు అంకెలు టెండరు పిలవక ముందే తేలిపోతాయి. తరవాత ఎవరు ఎంత అరిచినా మారవు. సగం ఫీజుకే ఒప్పుకున్నవాళ్ళు ఏం చేస్తారో నాకు బాగా తెలుసు. మట్టి పరీక్షకు గుంటలు తవ్వరు, పక్క ఊరి రిపోర్టులో అంకెలు దించుతారు. అందుకే కనీస మార్కులు 75 దాకా పెట్టమని అడగండి. ఇవే అంకెలతో చూస్తే, 72 తెచ్చుకున్నవాళ్ళ ఫీజు కవరు తెరవాల్సిన పనే ఉండదు.

మార్కులు వేసేటప్పుడు సంస్థ పేరు, దాని పాత పనుల పట్టిక చూసి మురిసిపోతారు. చూడాల్సింది మనుషులను. టీం లీడరు, డ్రైనేజీ ఇంజనీరు, సర్వేయరు అని ముగ్గురి పేర్లు ఇస్తారు, ఆ పేర్లే ఇంకో అయిదు ఊళ్ళ టెండర్లలోనూ ఉంటాయి. పని మొదలయ్యాక ఊళ్ళోకి వచ్చేది నిన్న మొన్న పాసైన కుర్రాడు. ఆ కుర్రాళ్ళను తక్కువ చేయడం లేదు, నేనూ అలాగే నేర్చుకున్నాను. అయితే టీం లీడరు ఇన్ని రోజులు ఊళ్ళో ఉండాలి, అందులో ఒకసారి వానాకాలంలో వీధి అంతా నడవాలి, మనిషిని మార్చాలంటే మున్సిపాలిటీ ఒప్పుకోవాలి అని షరతు ఉంటే పని తీరే మారిపోతుంది. వాన పడుతున్నప్పుడు గంట సేపు వీధిలో నిలబడితే, ఎండాకాలంలో నెల రోజులు సర్వే చేసినా తెలియనివి కళ్ళ ముందే కనబడతాయి.

ఫీజు ఎస్టిమేటులో ఇంత శాతం అని ఉంటే ఒప్పుకోవద్దని చెప్పండి. రోడ్డు ఖర్చు పెరిగిన కొద్దీ ఫీజు పెరిగే ఏర్పాటు అది. మొత్తం ఇంత అని ముందే తేల్చి, పని దశలను బట్టి ఇవ్వాలి. సర్వే, మట్టి పరీక్షలు అయ్యాక కొంత, ముసాయిదా డీపీఆర్‌కు కొంత, జనానికి చూపించి మార్పులు చేశాక కొంత. చివరి భాగం, పదో పదిహేనో శాతం, రోడ్డు కట్టి ఒక వానాకాలం గడిచాక ఇవ్వాలని నా పట్టుదల. చాలామంది కన్సల్టెంట్లు దీనికి ఒప్పుకోరు, టెండరు వేయక ముందు జరిగే ప్రీ-బిడ్ మీటింగులో తీసేయమంటారు. అప్పుడు కౌన్సిల్ గట్టిగా నిలబడాలి. పని జరుగుతున్నప్పుడు డిజైనర్ వచ్చి చూడాల్సిన రోజుల లెక్క కూడా అందులోనే ఉండాలి. కాంట్రాక్టరు గోతులు తవ్వగానే డ్రాయింగులో లేని నీళ్ళ పైపు బయటపడుతుంది. అప్పుడు డిజైన్ చేసినవాడు ఫోను ఎత్తకపోతే మేస్త్రీయే డిజైనర్ అయిపోతాడు.

పైపులంటే గుర్తొచ్చింది. కాంక్రీటు వేసిన ఏడాదికి నీళ్ళ కనెక్షన్ కోసం దాన్ని కోయడం మన ఊళ్ళల్లో చూస్తూనే ఉన్నాం. నీళ్ళ పైపుల సంగతి ఒక శాఖది, కరెంటు స్తంభాలు 2021 నుంచి టీపీఎస్‌ఓడీఎల్ అనే కరెంటు కంపెనీవి, ఇంటర్నెట్ తీగలు ఎవరెవరివో. డిజైన్ దశలోనే వీళ్ళందరినీ ఒక రోజు వీధిలో కలిపి నడిపించి, ఎక్కడ ఏముందో రెండు మూడు చోట్ల గుంట తవ్వి చూసి, రోడ్డుకు అడ్డంగా ఖాళీ గొట్టాలు ముందే వేసేలా డ్రాయింగులో పెట్టాలి. స్తంభాలు జరపడానికి అయ్యే డబ్బు ఎస్టిమేటులో లేకపోతే స్తంభం రోడ్డు మధ్యలోనే ఉండిపోతుంది. తారు, కాంక్రీటు మందం లెక్కలు మాత్రం కన్సల్టెంటుకే వదిలేయండి. తారుకు ఐఆర్‌సీ:37, కాంక్రీటుకు ఐఆర్‌సీ:58 ఉన్నాయి. మట్టి నమూనాను నాలుగు రోజులు నీళ్ళల్లో నానబెట్టి మట్టి బలం చూసే సీబీఆర్ పరీక్ష రిపోర్టు మీ వీధి మట్టిదేనా, గుంట తవ్విన చోటు ఫోటో ఉందా, అంతవరకు చూసుకోండి.

రద్దీ లెక్క గురించి మాత్రం మీరే నోరు విప్పాలి, ఎందుకంటే బయటివాళ్ళకు మన రోజులు తెలియవు. రాయగడ జిల్లా చాటికోనలో బుధవారం సంత. డొంగ్రియా కొంధు గిరిజనులు కొండ దిగి తట్టలు, గంపలతో నడిచి వస్తారు. మంగళవారం వెళ్ళి బళ్ళు లెక్కపెట్టినవాడికి ఆ ఊరు ఏం అర్థమవుతుంది? మీ ఊళ్ళోనూ ఒక సంత రోజు ఉంటుంది, పండగ రోజులు ఉంటాయి. రాయగడ మజ్జిగౌరమ్మ గుడికి చైత్రంలో విజయనగరం, శ్రీకాకుళం నుంచి వచ్చే జనాన్ని చూశారు కదా. బళ్ళతోపాటు నడిచే మనుషులను కూడా లెక్కపెట్టాలని, సంత రోజు తప్పనిసరిగా అందులో ఉండాలని రాయించండి. ఫుట్‌పాత్ నడిచేందుకు ఖాళీగా కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఐఆర్‌సీ:103 చెబుతుంది. దాని మీద కూరగాయలవాళ్ళు కూర్చుంటారు, అది వాళ్ళ బతుకు. 2014 వీధి వ్యాపారుల చట్టం వాళ్ళకు చోటు చూపించమంటుంది కాబట్టి ఆ చోటు కూడా డ్రాయింగులోనే ఉండాలి. రథం తిరిగే వీధైతే ఇంకో మాట. మధ్యలో డివైడరు కట్టేస్తే రథయాత్ర రోజున పగలగొట్టుకోవాలి, తీగలు కిందికి వేలాడితే రథం ఆగిపోతుంది. రథం ఎత్తు, వెడల్పు, మలుపు తిరిగే చోటు కొలిచి ఇవ్వమని గుడివాళ్ళను అడగండి, సంతోషంగా ఇస్తారు.

ఇదంతా ఎక్కడ, ఎప్పుడు చెప్పాలి? టెండరు పిలవక ముందు. మీ కౌన్సిలర్ ద్వారా ఈ షరతులన్నీ రెండు పేజీల్లో రాసి, చైర్‌పర్సన్‌కు, ఈవో (ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్)కు ఇవ్వండి. 2022 ఎన్నికల నుంచి చైర్‌పర్సన్‌ను మనమే నేరుగా ఎన్నుకుంటున్నాం కాబట్టి అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ముసాయిదా డ్రాయింగును మున్సిపాలిటీ గోడకు కాకుండా మీ వీధిలోనే, ఒక కల్యాణమంటపంలోనో గుడి అరుగు మీదో పెద్ద సైజులో పెట్టి, అందరికీ వివరించాలని కూడా అందులో కోరండి. వివరించే మనిషి ఒడియాతోపాటు తెలుగులోనూ చెప్పాలి. మన ఊళ్ళల్లో ఒడియా మాట్లాడేవాళ్ళే గానీ చదవలేని పెద్దలు చాలామంది ఉన్నారు. గుమ్మం మునిగేది వాళ్ళదే.

ఇవ్వాల్సిన కాగితాలు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. ఒడిశాలో దీనికి ఫారం-ఏ నింపాలి, ఫీజు పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. తెలుగులో రాస్తే చెల్లదు. ఇంగ్లీషు, హిందీ లేదా ఆ ప్రాంత అధికార భాషలో ఉండాలని చట్టమే చెబుతోంది, కాబట్టి ఒడియా రాయగలిగిన కుర్రాడి చేత రాయించండి. టీఓఆర్ నకలు, టెక్నికల్ మార్కుల పట్టిక, రోడ్డు ఏ శాఖదో తెలిపే కాగితం, ఈ మూడే అడగండి, ఎక్కువ అడిగితే జవాబు సాగదీస్తారు. పని మొదలయ్యాక అదే చట్టం కింద పనిని దగ్గరుండి పరిశీలించడానికి, వాడే సామాను నమూనా తీసుకోవడానికి కూడా మీకు హక్కుంది.

అర్జీ ఇచ్చిన రోజే రెండో కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకుని దాచండి. టీఓఆర్ ముసాయిదా చేతికి వచ్చాక వ్యక్తిగత వివరాలు తీసేసి ఇక్కడ పెట్టండి, వాక్యం వాక్యం చదివి ఎక్కడ ఏం తక్కువైందో చెబుతాను.